తాగే ఇంకు

పసుపు రంగు మళ్ళీ అయిపోయింది.

నలుపు నిండుగా ఉంది. ఎరుపూ నీలమూ సగానికి పైగానే ఉన్నాయి. పసుపు ఒక్కటే లేదు. అది లేదు కాబట్టి మిగతావి కూడా కొట్టనని ప్రింటరు ఎర్రదీపం వెలిగించుకుని కూర్చుంది. పేరంటానికొచ్చిన ముత్తయిదువ కూడా పసుపు కోసం ఇంత పట్టు పట్టదు.

జిలానీ మూత తీశాడు. ఇంకు డబ్బీ బయటికి లాగి, చెవి దగ్గర ఊపి చూసి, మళ్ళీ పెట్టాడు. దీపం ఆరలేదు. తల పట్టుకున్నాడు. బయట దర్గా అరుగు మీద బేస్తవారం జనం అప్పుడే చేరుతున్నారు. కంటి ఆపరేషనుకు పోయిన హజరత్తయ్య తాత కూడా ఈ పొద్దే గుట్టెక్కి వస్తాడని కబురు. తాత వచ్చేసరికి మిషను మూగదై ఉంటే ఏం బాగుంటుంది? తాను చేసిన ఘనకార్యం చూపించేదెట్లా?

ఆ దర్గా రాయచోటికి ఇవతల, రోడ్డు దిగి నడిచిపోవలసిన ఒక గుట్ట మీద ఉండేది. ఇప్పుడూ ఉంది, తారురోడ్డుతో, బండ్లు నిలిపే చోటుతో, రంగురంగుల బోర్డుతో. నేను చెప్పేది ఆ బోర్డు లేనప్పటి సంగతి. అప్పుడు గుట్టకు దారి చూపించేది ఊదు పొగ వాసన ఒక్కటే. బొరుగులూ చక్కెరా కొంగున మూట కట్టుకుని ఆడవాళ్ళు ఎక్కేవాళ్ళు. మొగుళ్ళు కింద టీకొట్టు దగ్గరే ఆగిపోయేవాళ్ళు. బిడ్డకు జ్వరమొస్తే దేవుడి దగ్గరికి మోసుకుపోవడం ఆడదాని పని, దేవుడు ఉన్నాడా లేడా అని వాదించడం మగవాడి పని. ఏ మతంలో చూసినా ఈ పంపకం మాత్రం ఒక్కటే.

హజరత్తయ్య తాత దూదేకులాయన. ఇంట్లో మాటా తెలుగే, తిట్టూ తెలుగే, దేవుడితో గొణుక్కునేది కూడా సగం తెలుగే. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళలో నమాజు తెలిసినవాళ్ళ కన్నా తెలియనివాళ్ళే ఎక్కువ. ఎవరినీ ఏ కులమని అడిగేవాడు కాదు. "ఏం తినింది పిల్ల? నీళ్ళు తాగుతాందా? డాక్టరుకు చూపిచ్చినారా?" అని మాత్రం అడిగేవాడు. లేదంటే నోరారా తిట్టి కిందికి తరిమేవాడు. చూపించామంటే అప్పుడు కలం తీసేవాడు.

కుంకుమపువ్వు రేకలు రవంత, పన్నీరులో నానబెట్టి చిన్న రాతి కల్వంలో నూరితే ఇంకు. తెల్లటి పింగాణి తట్ట మీద రెల్లుకలంతో దేవుడి మాట రాసేవాడు. రాసిన తట్టలో నీళ్ళు పోసి మెల్లగా తిప్పితే అక్షరాలు కరిగిపోయి, నీళ్ళు లేత ఎండ రంగుకు తిరిగేవి. ఆ నీళ్ళు బిడ్డకు తాపేవాళ్ళు. జ్వరం ఆ నీళ్ళతో తగ్గిందా, డాక్టరిచ్చిన మాత్రతో తగ్గిందా అని తేల్చుకునే తీరిక తల్లులకు లేదు. బిడ్డ లేచి అన్నమడిగితే చాలు. తేల్చవలసినవాళ్ళు కింద టీకొట్టు దగ్గర ఉండనే ఉన్నారు.

పన్నీరు, ఊదు, కడిగిన బండరాయి, చంటిపిల్లల నూనె తలలు. ఇవన్నీ కలిస్తే బేస్తవారం. ఆ వాసన మళ్ళీ ఎక్కడా దొరకదు. సీసాలో పోసి అమ్మడం ఇంకా ఎవడికీ తోచలేదు, అదొక్కటే అదృష్టం.

జిలానీ ఆ గుట్టకు పుట్టినప్పటి నుంచీ తెలిసినవాడు కాదు. రాయచోటిలో కచ్చేరి ఎదురుగా జిరాక్సు అంగడి నడిపి, అది నడవక మూసేసి, మనసు విరిగి, ముప్పై దాటినాక ఒకనాడు ప్రింటరును చంకన పెట్టుకుని గుట్టెక్కాడు. "నన్ను దగ్గర పెట్టుకో తాతా" అన్నాడు. తాత మనిషినీ చూశాడు, చంకలోని మిషనునూ చూశాడు. "ఇద్దరూ రాండి" అన్నాడు.

అప్పటి నుంచీ జిలానీ ఇంకు నూరుతూనే ఉన్నాడు. కలం మాత్రం చేతికి రాలేదు.

"నాకెప్పుడిస్తావు తాతా రాసేదానికి?"

"ఇంకు నూరప్పా."

"నూరినా గదా."

"ఇంగా నూరు."

అడిగి అడిగి ఊరుకున్నాడు. ఊరుకున్నాడే గానీ ఆశ చావలేదు. జనం తనను ఇంకు నూరే జిలానీ అంటుంటే లోపల మండేది. బీకాం చదివినవాడు. కచ్చేరికి వచ్చే రైతులు 'సార్, సార్' అని వెంటబడితే అర్జీలు కొట్టిచ్చినవాడు. ఇక్కడ కల్వం ముందర కూర్చుని వక్కలు దంచే ముసలమ్మలాగా నూరుకోవడం, ఎన్నాళ్ళు?

తాత ఆసుపత్రికి పోయేటప్పుడు చెప్పింది ఒక్కటే. "వచ్చినోళ్ళకు ఇన్ని మంచినీళ్ళియ్యి, ఇన్ని బొరుగులియ్యి. నేనొచ్చేదాకా ఓర్చుకోమని చెప్పు. జ్వరం గట్టిగా ఉంటే కిందికి పంపీ."

మొదటి బేస్తవారమే జిలానీకి ఉపాయం తట్టింది. కలం ముట్టకూడదు, అంతే గదా. ముట్టడు. తాత రాసిన తట్ట ఒకటి కడగకుండా మిగిలిపోయి ఉంది. దాన్ని ఫోటో తీశాడు. మూసేసిన అంగడిలో మిగిలిన కంప్యూటర్లో మరకలు తుడిచాడు. కుంకుమపువ్వు రంగు వచ్చేదాకా పసుపులో రవంత ఎరుపు కలిపాడు. పలచటి కాగితం మీద కొట్టాడు. ఆ కాగితాన్ని లోటాలో ముంచితే రంగు సన్నటి పొగలాగా దిగి, నీళ్ళు ఎండలాగా మెరిశాయి. రాత తాతదే. రంగు తాతదే. ఇంక తేడా ఎక్కడుంది?

జనం కూడా తేడా అడగలేదు. పని త్వరగా అవుతోందని సంతోషపడ్డారు. తాత ఉన్నప్పుడు వంతు వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. అంతసేపూ అరుగు మీద కూర్చుని ఒకరి కష్టం ఒకరు వినేవాళ్ళు. నీ కోడలు ఎట్లుంది, నీ సెనక్కాయలకు ధర వచ్చిందా, నీ మొగుడు తాగడం మానినాడా అని. సగం రోగం అక్కడే దిగిపోయేది. ఇప్పుడు వచ్చినవాళ్ళు వచ్చినట్టే కాగితం తీసుకుని పోతున్నారు. ఇంకు నూరే జిలానీ కాస్తా జిలానీ సామి అయ్యాడు. 'సామి' అనే మాట చాలా చిన్నది. తలకెక్కడానికి దానికి మెట్లు అక్కర్లేదు.

చిక్కల్లా ఇంకుతోనే వచ్చింది.

కంపెనీవాడు ప్రింటరును పిల్లనిచ్చినట్టు ఇస్తాడు, ఇంకుకు మాత్రం అల్లుడు కట్నమడిగినట్టు అడుగుతాడు. ఒక్కో డబ్బీ ధర చూస్తే, దీనికన్నా ఇంకో మిషనే కొనుక్కోవచ్చు గదా అనిపిస్తుంది. లోపల చూస్తే ఉండేది చెంచాడు రంగు. కుంకుమపువ్వు ఖరీదని ఏడ్చేవాడికి దేవుడు ప్రింటరు ఇంకు చూపించాడు.

జిలానీ ఆదా మొదలుపెట్టాడు. పలచగా కొట్టేలా మార్చాడు. అక్షరాల ఒళ్ళు సన్నం చేశాడు. పెద్ద కాగితం మీద గళ్ళుగళ్ళుగా చిన్నవి కొట్టి కత్తిరించుకున్నాడు. ఆపి వేసిన ప్రతిసారీ మిషను నోరు పుక్కిలించుకోవడానికి ఇంకు మింగుతుందని గమనించి, మాటిమాటికీ ఆపడం మానేశాడు. అయిపోయిందని దీపం వెలిగినా దాని మాట నమ్మకుండా డబ్బీని ఊపి, ఆఖరి చుక్క దాకా పిండాడు. ఇవన్నీ మంచి ఆదాలే. పెళ్ళిపత్రికలు కొట్టుకునేవాడు ఎవడైనా నేర్చుకోదగ్గవే. కానీ ఆదాకు ఎక్కడ ఆగాలో తెలియదు. ఆగవలసింది మనిషి.

మనిషి ఆగలేదు. టౌనుకు పోయి, సీసాల్లో పోసి చవగ్గా అమ్మే ఇంకు తెచ్చాడు. డబ్బీకి నెత్తిన చిల్లు పొడిచి సూదితో ఎక్కించాడు. ఆ సీసా మీద సన్నటి అక్షరాలున్నాయి. పిల్లలకు అందకుండా పెట్టమని, నోట్లోకి పోతే డాక్టరు దగ్గరికి పరుగెత్తమని. జిలానీ చదివాడు. చదువు వచ్చినవాడే గదా. చదివి, అక్షరాలు గోడవైపుకు వచ్చేటట్టు సీసాను తిప్పి పెట్టాడు.

తాత వచ్చాడు. నల్లద్దాలు, తెల్లగడ్డం, చేతిలో ఆసుపత్రి వాళ్ళిచ్చిన గుడ్డసంచి. అరుగు మీది ఆడవాళ్ళందరూ ఒక్కసారి లేచారు.

"సల్లగుండండమ్మా. నేనేమన్నా పెండ్లికొడుకునా, అందరూ లేస్తారు" అన్నాడు తాత. నవ్వులు.

లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జిలానీ గబగబా కాళ్ళు తాకి, ఇంక ఆగలేక మొత్తం చెప్పేశాడు. ఫోటో, రంగు, కాగితం, లోటా. చెబుతుంటే మొహం వెలిగిపోతోంది. ఒక కాగితం తెచ్చి చేతికిచ్చాడు.

తాత అద్దాలు పైకెత్తి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"నా రాత ఇంత కుదురుగా ఉండాదా?"

"నీదే తాతా. మక్కీకి మక్కీ. చెయ్యి వణికిన కాడ మాత్రం రవంత సరిచేసినా."

"మంచి పని చేసినావు" అన్నాడు తాత. మెచ్చుకున్నాడో ఏమో జిలానీకి అర్థం కాలేదు.

"ఒకటే బాధ తాతా. ఇంకు. కంపెనీది కొంటే దర్గా తాకట్టు పెట్టాల. అన్ని తీర్లా ఆదా చేస్తాండా, అయినా చాలడంల్యా. నీకేమన్నా దోవ తెలుసునా? నీకు నేర్పిన పీరుసాబు కాలంలో ఎట్ల చేసేవాళ్ళు?"

బయట ఎవరో పిల్ల ఏడుస్తోంది, ఎవరో జోకొడుతున్నారు.

"మా పీరుసాబు కాలంలో తాయెత్తులకు మసి ఇంకు" అన్నాడు మెల్లగా. "ఆముదం దీపం మీద చట్టి బోర్లిచ్చి మసి పట్టేది. దీపం ఎత్తైతే మసి ఎర్రబడతాది. తగ్గితే పట్టదు. నేను దాని ముందర గొంతుక్కూర్చుని కాపలా. ఊరంతా నన్ను జూసి నవ్వేది, మూతికి మసి, ముక్కుకు మసి. దాంట్లో తుమ్మబంక కలిపి చలికాలమంతా నూరేది. భుజం పీకి పడిపోయేది. రాతిరి మా యమ్మ వేడినీళ్ళు పోస్తా, ఏమిరా, ఆ ముసలాయన నిన్ను గానుగెద్దు చేసినాడే అని ఏడ్చేది."

తాత మొహంలో నవ్వు. ఆ నవ్వు ఇక్కడిది కాదు, ఆ చట్టి కింది దీపం దగ్గరిది.

"మరి అయిపోతే?"

"అయిపోతే రాసేది నిలబెట్టి, మళ్ళా నూరుకునేది."

"ఇప్పుడు అంత తీరిక ఎవరికుంది తాతా?"

"అదీ నిజమేలే. అప్పుడు రోగాలకు గూడా తీరిక ఉండేది."

జిలానీ నవ్వాడు. ముసలాయన దగ్గర ఉపాయం లేదని తేలిపోయింది. గోడవారనున్న సీసా అందుకుని, సూదిలోకి పసుపు లాగి, డబ్బీకి ఎక్కించి, మిషనులో తోశాడు. ఎర్రదీపం ఆరింది. మిషను గుర్రుమంటూ లేచింది. తాత నల్లద్దాల వెనుక నుంచి అంతా చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు ఓబులమ్మ వచ్చింది. కింద పల్లెలో సెనక్కాయ చేలలో కూలికి పోయే మనిషి. భుజం మీద నాలుగేళ్ళ కూతురు నాగవేణి, తడిబట్టలాగా వాలిపోయి ఉంది.

"వచ్చినారా సామీ! కండ్లు బాగుండాయా?"

"నిన్ను చూసినాక బాగుండాయి. నీ మొగుడేడీ?"

"యాడుంటాడు, టీకొట్టుకు స్తంభం మాదిరి. ఆయప్ప లేస్తే కొట్టు కూలిపోతాదేమో."

"పిల్లకేమి?"

"జ్వరం సామీ. పోయిన బేస్తవారం గూడా వచ్చింటి. జిలానీ సామి నీళ్ళిచ్చినాడు. రంగు ఏం దిగిందనుకున్నారు! ఏమనుకోవద్దండి, మీరు రాసిందానికన్నా పచ్చగా దిగింది. పిల్ల నాలిక గూడా పచ్చగయింది. మా వీధంతా వచ్చి చూసి పోయినారు."

జిలానీ తల వంచుకున్నాడు. సిగ్గుతో కాదు, పొగడ్త మోయలేక.

"తగ్గిందా?"

"తగ్గినట్టే తగ్గి మళ్ళా కాల్తాంది. ఇంగోసారి తాపితే పోతాదని వచ్చినా."

"డాక్టరు?"

"ఈ నీళ్ళు తాపినాక పోదామని."

తాత ఆమెను తిట్టలేదు. అదే మొదటిసారి, ఆయన తిట్టకపోవడం. జిలానీ అప్పటికే కాగితం కత్తిరించి, లోటాలో ముంచి తిప్పుతున్నాడు. ఇంకు అప్పుడే ఎక్కించింది. రంగు ధారలు కట్టింది. లోటా ఓబులమ్మ చేతికి అందింది. ఆమె పిల్లను ఒళ్ళోకి దించి, తల ఎత్తి పట్టుకుంది.

"ఇట్ల తేమ్మా" అని తాత చెయ్యి చాచాడు.

దువా చదివి ఊది ఇస్తాడనుకుని ఓబులమ్మ లోటా ఇచ్చింది. తాత రెండు చేతులతో పట్టుకున్నాడు. బిస్మిల్లా అన్నాడు. లోటాను తన పెదవుల దాకా ఎత్తాడు.

"తాతా!"

జిలానీ ఎట్లా లేచాడో ఎట్లా దూకాడో, లోటా మీద చెయ్యి పడింది. సగం నీళ్ళు తాత గడ్డం మీద, చొక్కా మీద ఒలికాయి.

"ఏమప్పా?"

"వద్దు తాతా."

"గుట్టెక్కి వచ్చినా. దప్పికయింది."

"వేరే నీళ్ళు తెస్తా. అది తాగేది కాదు."

మాట బయటికి వచ్చేసింది. వచ్చినాక వెనక్కి మింగడానికి వీల్లేదు. అరుగు మీది మాటలన్నీ ఆగిపోయాయి. మిషను ఒక్కటే గుర్రుమంటోంది.

ఓబులమ్మ అతని వైపు చూసింది. తర్వాత బిడ్డ బుగ్గలు నొక్కి నోరు తెరిచి, నాలుక చూసింది. మళ్ళీ అతని వైపు చూసింది.

"తాగేది కాదా?"

జిలానీ లోటాను తాత చేతిలోంచి లాక్కుని కింద పెట్టాడు.

"తాగేది కాకపోతే, పోయిన వారం నా బిడ్డ తాగింది ఏంది? చెప్పు అబ్బీ. సామీ సామీ అని మొక్కితిమే. ముసలాయన నోట్లోకి పోతాంటే పరిగెత్తుకోని వస్తివే. నా బిడ్డ నోట్లో నేను పోస్తాంటే నిలబడి చూస్తివే!"

ఆమె గొంతు పెద్దది కాదు. అందుకే అందరికీ వినిపించింది.

తాత గడ్డం తుడుచుకున్నాడు. "నీ బండి కిందనే ఉండాది గదా" అన్నాడు జిలానీతో. "ఆ సీసా గూడా తీసుకొని పో."

రాయచోటిలో డాక్టరమ్మ పిల్లను పరీక్ష చేసింది. గొంతులో చీము పట్టి జ్వరమని చెప్పి, సూది వేసి మందులు రాసింది. రంగు కడుపులోకి కొద్దిగానే పోయింది కాబట్టి ప్రాణభయమేమీ లేదంది. సీసా మీది సన్నక్షరాలు చదివి, అద్దాల పైనుంచి చూసింది.

"దీన్ని పిల్లకు తాపిన తెలివైనోడు ఎవడు?"

ఓబులమ్మ చెప్పలేదు. చెబుతుందని జిలానీ ఎదురుచూశాడు. ఆమె గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చుంది.

"నేనే మేడం" అన్నాడు.

సాయంత్రం గుట్టెక్కి వచ్చి, మాట్లాడకుండా ప్రింటరును రెండు చేతులా ఎత్తాడు.

"యాడికి?" అన్నాడు తాత.

"లోయలోకి ఇసిరేస్తా."

"దేనికి? అది ఎవురికన్నా తాపిందా?"

జిలానీ మిషనును రొమ్ముకు ఆనించుకుని నిలబడ్డాడు.

"దించప్పా. ఉరుసు నోటీసులు ఎవురు కొడతారు, నేనా?"

దించాడు. ఏదైనా అంటాడేమో, తిడితే బాగుండునని చాలాసేపు కాచుకున్నాడు. తాత మరక పడిన చొక్కా ఉతికి ఆరేసుకుని, కంట్లో మందు వేయించుకుని పడుకున్నాడు.

మర్నాటి నుంచీ జిలానీ పల్లెలు తిరిగాడు. తాను ఇచ్చిన కాగితం నీళ్ళు ఎవరెవరు తాగారో వాళ్ళ గడపల్లోకి పోయి చెప్పాడు. అది కుంకుమపువ్వు కాదు, రంగు. తెలిసి ఇచ్చినాను. ఏమన్నా తేడాగా ఉంటే డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోతాను. కొందరు చీపురు తీశారు. కొందరు నవ్వారు. ఒక ముసలాయన మాత్రం మహా కోపం చేసుకున్నాడు. "మాకు తగ్గి హాయిగా తిరుగుతాంటే, ఇప్పుడొచ్చి అది మందు గాదంటావా? మళ్ళా కీళ్ళు పట్టుకుంటే ఎవుడురా దిక్కు?" అని వెంటబడి తిట్టాడు. నిజం చెప్పినవాడికి ఎప్పుడూ ఇట్లాంటివాడొకడు తగులుతాడు, చీపురు కన్నా వీడి దెబ్బే గట్టిది.

సామి అనే మాట ఎవరి నోటా లేదు. ఇంకు నూరే జిలానీ అని కూడా పిలవలేదు. పేరే పెట్టకుండా, "ఆయప్ప వచ్చినాడు" అన్నారు.

మళ్ళీ బేస్తవారాలు గడిచాయి. జిలానీ నూరుతున్నాడు. తాత రాస్తున్నాడు. వంతు రావడానికి పొద్దు నడినెత్తికి వస్తోంది. ఆడవాళ్ళు కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుంటున్నారు. పాత రోజులే తిరిగి వచ్చినట్టుంది. జిలానీ వైపు మాత్రం ఎవరూ కూర్చోవడం లేదు. అతని పక్కన ఒక చాప వెడల్పు బండ ఖాళీగా ఉంటోంది.

ఒకరోజు ఓబులమ్మ వచ్చింది. భుజం మీద పిల్ల లేదు. నాగవేణి తల్లికన్నా ముందర పరుగెత్తుకుంటూ వచ్చి, బొరుగుల గంపలో చెయ్యి పెట్టింది.

"తగ్గింది సామీ. మందులు అయిపోయినాయి. ఒళ్ళు మాత్రం రాలా. మీ చేత్తో ఇన్ని నీళ్ళియ్యండి, పోతా."

తాత ఆమె ఇచ్చిన చక్కెర మీద దువా చదివి, తలా రవంత పంచాడు. తట్ట ముందరికి జరుపుకున్నాడు. కలం చేతికి తీసుకుని, మొన చూసుకుని, పక్కకు తిరిగి జిలానీ ముందర పెట్టాడు.

"రాయప్పా."

జిలానీ కలం వైపు చూశాడు. చెయ్యి కల్వం అంచు మీదే ఉంది.

"మీరు రాయండి సామీ" అంది ఓబులమ్మ. కటువుగానే అంది. "ఆయప్ప చేతిది నాకొద్దు. నా బిడ్డకు ఒకసారి తాపింది చాలు."

"వద్దంటాంది గదా తాతా" అన్నాడు జిలానీ. "నువ్వే రాయి."

తాత విన్నాడో లేదో. లేచి, గోడ పట్టుకుని, చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు. కలం తట్ట పక్కనే ఉంది. ఓబులమ్మ అక్కడే ఉంది. పిల్ల బొరుగులు నములుతూ తట్టలోకి తొంగి చూస్తోంది.

జిలానీ కలం తీసుకున్నాడు.

ఇన్నాళ్ళూ కలలో రాసిన రాత వేరు. ఇది వేరు. తెల్లటి పింగాణి మీద మొదటి గీతే వంకర పోయింది. సరిచేయడానికి ఏమీ లేదు. రెండోది లావైంది. చెమట కళ్ళలోకి దిగుతుంటే భుజంతో తుడుచుకుంటూ, ఒక్కో అక్షరమూ, బిడ్డను గుట్టెక్కించినట్టు ఎక్కించాడు. నీళ్ళు పోసి తిప్పాడు. అక్షరాలు కరిగాయి. లేత రంగు. పచ్చగా ఏమీ లేదు, చూడటానికి వీధి జనం రాదగ్గదేమీ కాదు.

లోటాలోకి వంచాడు. ఓబులమ్మ చెయ్యి చాచలేదు. చేతులు కట్టుకుని చూస్తోంది.

జిలానీ లోటా ఎత్తి ఒక గుక్క తాగాడు.

ఎవరూ చెప్పలేదు. ఆ దర్గాలో అట్లాంటి ఆనవాయితీ అప్పటిదాకా లేదు కూడా. ఓబులమ్మ అతని గొంతు వైపే చూస్తోంది. గుక్క దిగేదాకా చూసింది. అతను లోటా ముందుకు జాపాడు.

ఆమె అందుకోలేదు.

"ఇంగో గుక్క తాగు" అంది.

జిలానీ చెయ్యి గాలిలోనే ఆగింది. దిక్కు తోచక తొట్టి దగ్గరున్న తాత వైపు చూశాడు.

తాత చేతులు విదిలించుకుంటున్నాడు.

"నన్ను చూస్తావేందప్పా" అన్నాడు. "అడిగింది ఆయమ్మ గదా."

జిలానీ తాగాడు.

ఓబులమ్మ అప్పుడు చెయ్యి చాచింది.